గోడ లోపలి ఐదు కిలోమీటర్లు

నేరం చేశారని నిర్బంధంలో ఉంచిన పిల్లల చేత వ్యాయామం చేయించడం నూట ఇరవై ఏళ్ల నాటి పద్ధతి. అది కొన్నిసార్లు శిక్ష అయింది, కొన్నిసార్లు ప్రాణం తీసింది, కొన్నిసార్లు మనిషిని నిలబెట్టింది. ఏ సందర్భంలో ఏమవుతుందన్నది దాన్ని చేయించే ఉద్యోగి మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పే కథనం ఇది.

గెలుపు తాడు ఇంకా కొన్ని అడుగుల దూరం ఉందనగా ఆ కుర్రాడు ఆగిపోతాడు. వెనక వస్తున్నవాడు దాటిపోయేదాకా కదలడు. చూడటానికొచ్చిన పెద్దల మధ్య కూర్చున్న జైలు గవర్నరు ముఖం మాడిపోయినా లెక్కచేయడు. 1959లో అలన్ సిలిటో రాసిన ‘ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్ డిస్టెన్స్ రన్నర్’ కథలో స్మిత్ చేసిన పని అది. బేకరీలో దొంగతనం చేసి, బోర్స్టల్ అని పిలిచే కుర్రాళ్ల జైలుకు వచ్చినవాడు స్మిత్. కాళ్లలో సత్తువ ఉందని గవర్నరు కనిపెట్టాడు. కప్పు తెచ్చిపెట్టమన్నాడు. తెల్లవారకముందే గేటు తీయించి, కాపలా లేకుండా పొలాల వెంట పరిగెత్తనిచ్చాడు. స్మిత్‌కు పరుగంటే ఇష్టమే. ఆ కప్పు చివరికి ఎవరి గదిలో మెరుస్తుందో తెలుసు కాబట్టే దాన్ని వదులుకున్నాడు.

అది కథ. కానీ అందులోని ప్రశ్న మాత్రం జైలు మైదానంలో రోజూ ఎదురయ్యేదే. ఈ పరుగు ఎవరిది? చేయించేవాడిదా, చేసేవాడిదా? ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్నకు కొన్నేళ్లుగా ఒక కొత్త జవాబు దొరుకుతోంది. యూనిఫాం పక్కనపెట్టి, బూట్ల లేసులు కట్టుకుని, కుర్రాళ్లతోపాటు అదే గీత మీద నిలబడే ఉద్యోగి ఇస్తున్న జవాబు అది.

శనివారం పొద్దున

2004 అక్టోబర్ 2న లండన్ శివారులోని బుషీ పార్కులో పదమూడు మంది ఐదు కిలోమీటర్లు పరిగెత్తారు. దెబ్బ తగిలి తాను పరిగెత్తలేని స్థితిలో ఉన్న పాల్ సింటన్-హ్యూయిట్ వాళ్లకు టైము చూసిపెట్టాడు. అదే పార్క్‌రన్‌కు మొదలు. ప్రతి శనివారం పొద్దున్నే, ఎవరైనా రావచ్చు, పైసా కట్టక్కర్లేదు. పరిగెత్తొచ్చు, నడవొచ్చు, పక్కన నిలబడి దారి చూపొచ్చు. బహుమతులుండవు. ఇంగ్లండ్ పార్కుల నుంచి అది చాలా దేశాలకు పాకింది.

2017 నవంబర్‌లో అది జైలు గోడ దాటి లోపలికి వెళ్లింది. వాయవ్య ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో, సముద్రం పక్కన, ఒకప్పటి వైమానిక స్థావరంలో కట్టిన హావరిగ్ జైలు అది. దగ్గరలో ఉన్న కొండ పేరుతో దానికి ‘బ్లాక్ కూంబ్ పార్క్‌రన్’ అని పేరు పెట్టారు. నాలుగుసార్లు ఐరన్‌మ్యాన్ ప్రపంచ విజేతగా నిలిచి, తర్వాత పార్క్‌రన్‌లో ఆరోగ్య విభాగం చూసిన క్రిస్సీ వెల్లింగ్టన్ ఈ ప్రయత్నాన్ని గట్టిగా ముందుకు నడిపారు. హావరిగ్ వయోజనుల జైలు. ఆ తర్వాత బ్రిటన్‌లో మరికొన్ని జైళ్లు, కుర్రాళ్లను ఉంచే సంస్థలు, ఆస్ట్రేలియాలో కొన్ని జైళ్లు దాన్ని అందుకున్నాయి.

లోపలి పరుగులో బయటివాళ్లకు తట్టని చిక్కులు చాలా ఉంటాయి. ఐదు కిలోమీటర్ల దారి లోపల ఎక్కడ దొరుకుతుంది? అదే మైదానం చుట్టూ, అదే కంచె పక్క నుంచి తిరిగిందే తిరగాలి. ఎన్ని చుట్లు పూర్తయ్యాయో లెక్కపెట్టడానికే ఒక మనిషి కావాలి. లండన్ పడమటి అంచున ఉన్న ఫెల్తమ్ వంటి చోట్ల ఇంకా పెద్ద చిక్కు, ఎవరిని ఎవరితో కలపకూడదన్న జాబితా. బయట వీధుల్లో మొదలైన ముఠా పగలు లోపలికీ వస్తాయి. ఒకడు భోజనానికి వెళ్లేటప్పుడు ఇంకొకడి తలుపు మూసే ఉండాలి. అలాంటి చోట పాతిక మందిని ఒకే గీత మీద నిలబెట్టాలంటే, ముందు రోజే ఎవరో ఓపిగ్గా కూర్చుని పేరుపేరునా సరిచూడాలి. ఆ పని ఎవరి ఉద్యోగ బాధ్యతల జాబితాలోనూ స్పష్టంగా ఉండదు. ఎవరో ఒకరు ‘నేను చూస్తాలే’ అంటేనే జరుగుతుంది.

ఇంగ్లండ్ జైళ్లలో వ్యాయామ శిక్షకులు కూడా జైలు ఆఫీసర్లే. అదనపు శిక్షణ తీసుకుని జిమ్ బాధ్యతకు వస్తారు. మిగతావాళ్లు తెల్ల చొక్కాలో ఉంటే వీళ్లు ట్రాక్ సూటులో ఉంటారు. తేడా బట్టల్లో మాత్రమే లేదు. వార్డులో ఆఫీసరంటే తలుపు తీసేవాడు, మూసేవాడు, కాదని చెప్పేవాడు. మైదానంలో అతను మోకాలి నొప్పి గురించి అడిగేవాడు. కుర్రాళ్లు ‘గవ్’ అని, మహిళా ఆఫీసర్లను ‘మిస్’ అని పిలవడం రెండు చోట్లా ఒకటే. ఆ పిలుపు తర్వాత నడిచే మాట మాత్రం వేరు.

పార్క్‌రన్‌లో ‘టెయిల్ వాకర్’ అని ఒక పని ఉంది. స్వచ్ఛందంగా వచ్చిన ఒకరు అందరికన్నా వెనక నడుస్తారు. చివరి స్థానం ఎప్పుడూ ఆ మనిషిదే. మిగతావాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. ఈ చిన్న ఏర్పాటు విలువ జైల్లోనే బాగా తెలుస్తుంది. బడిలో, ఇంట్లో, కోర్టులో అన్నిచోట్లా ఆఖరి బెంచీకి పోయిన పదహారేళ్ల పిల్లవాడు ఊబకాయంతో, ఆయాసంతో నడుస్తుంటే, వాడి వెనక ఒక ఆఫీసరు తొందరపెట్టకుండా నడుస్తాడు. కాపలా కోసం కాదు, ఆఖరి స్థానం తాను తీసుకోవడానికి. ఇలాంటి పనిని ఉత్తర్వు వేసి చేయించడం కష్టం.

కుర్రాళ్లలో కొందరు పరిగెత్తరు. పసుపు జాకెట్టు వేసుకుని టైము రాస్తారు, బార్‌కోడ్ స్కాన్ చేస్తారు, మలుపులో నిలబడి చప్పట్లు కొడతారు. ఆ పని కూడా వాళ్ల ఖాతాలో జమవుతుంది. ఇన్ని పరుగులకు ఒక టీషర్టు, ఇన్నిసార్లు సాయం చేస్తే ఒక టీషర్టు అని పార్క్‌రన్‌లో ఒక లెక్క. బాధ్యత అప్పగించడమంటే ఏమిటో ఉపన్యాసంలో విన్నవాళ్లకన్నా, ఇరవై మంది టైము తన చేతిలో ఉన్న కుర్రాడికి ఎక్కువ అర్థమవుతుంది.

వారానికి రెండు గంటలు

ఐదు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇంగ్లండ్ యువ నేరస్థుల సంస్థల కోసం 2000లో చేసిన నిబంధనలు వ్యాయామానికి పెట్టిన లెక్క సగటున వారానికి రెండు గంటలు. కాగితం మీదే ఇంత దూరం ఉంది. ఇక ఆచరణలో సిబ్బంది తక్కువైన రోజు మొదట మూతపడేది జిమ్మే. వార్డులో మనుషులు చాలడం లేదంటే వ్యాయామ శిక్షకుడిని అక్కడికి పంపుతారు, కుర్రాళ్లు గదుల్లో ఉండిపోతారు. కొవిడ్ కాలంలో కొన్ని చోట్ల పిల్లలు రోజుకు 22 గంటలకు పైగా గదుల్లోనే గడిపారు.

2017లో నాటి జైళ్ల చీఫ్ ఇన్‌స్పెక్టర్ పీటర్ క్లార్క్ తన వార్షిక నివేదికలో రాసిన సంగతి దేశాన్ని కుదిపింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో తాము తనిఖీ చేసిన సంస్థల్లో పిల్లల్ని ఉంచడానికి సురక్షితమైనది ఒక్కటీ లేదని ఆయన తేల్చారు. నిర్బంధంలోని పిల్లల సంఖ్య 2007-08 ప్రాంతంలో మూడు వేల దాకా ఉండేది, ఇప్పుడు ఐదు వందల లోపుకు వచ్చింది. ఇది నిజంగా మంచి మార్పే. కానీ చిన్న తప్పులు చేసినవాళ్లు బయటే ఉండిపోవడంతో, లోపల మిగిలినవాళ్లు తీవ్రమైన కేసులున్నవాళ్లు, దెబ్బలు తిని పెరిగినవాళ్లు, చాలామంది ఇంకా తీర్పు రానివాళ్లు. ఎప్పుడు బయటికి పోతారో తెలియదు. అలాంటి పిల్లవాడికి వచ్చే శనివారం పొద్దున ఫలానా పని ఉందన్న కబురు చిన్నది కాదు. ఆ శనివారం నిజంగా రావాలంటే ఎవరో ఒకరు సెలవు రోజున కూడా గేటు దగ్గరికి రావాల్సి ఉంటుంది.

అందుకే స్వచ్ఛంద పనిని మెచ్చుకుంటూనే ఒక భయం చెప్పుకోవాలి. మంచి మనసున్న ఉద్యోగి దొరికాడు కదా అని ప్రభుత్వం జీతమిచ్చే పోస్టును ఖాళీగా ఉంచడం తేలిక. ఆ ఉద్యోగి బదిలీ అయిన వారం మైదానం మూతపడుతుంది. స్వచ్ఛంద సేవ నిబంధనకు అదనంగా ఉండాలి, దాని బదులుగా కాదు.

అదే మైదానం, వేరే కాలం

మన బళ్లలో ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ రౌండ్లు, హోంవర్కు చేయకపోతే గుంజీళ్లు. వ్యాయామాన్ని శిక్షగా వాడటం మనకు కొత్త కాదు. జైలు చేతికి చిక్కితే ఆ అలవాటు ఎంతదాకా పోతుందో చరిత్రలో ఉంది.

1902లో ఎవెలిన్ రగుల్స్-బ్రైస్ అనే జైళ్ల అధికారి కెంట్‌లోని బోర్స్టల్ గ్రామంలో పదహారు నుంచి ఇరవై ఒక్కేళ్ల కుర్రాళ్లకు వేరే జైలు పెట్టాడు. డ్రిల్లు, కసరత్తు, చేతిపని, క్రమశిక్షణ అన్నవే దాని పునాది. 1908లో చట్టం వచ్చింది, ఊరి పేరే వ్యవస్థ పేరైంది. 1920ల్లో అలెగ్జాండర్ ప్యాటర్సన్ చేతికి వచ్చాక అది చాలా మారింది. బోర్స్టల్ ఉద్యోగుల ఒంటి మీద యూనిఫాం తీయించాడు. కుర్రాళ్లతో కలిసి ఉండే హౌస్‌మాస్టర్లను తెచ్చాడు.

ఆ కాలపు గొప్ప సంఘటన 1930 మేలో జరిగింది. డబ్ల్యూ.డబ్ల్యూ. లెవెలిన్ అనే అధికారి ఫెల్తమ్ నుంచి కొంతమంది కుర్రాళ్లను, సిబ్బందిని వెంటబెట్టుకుని నాటింగ్‌హామ్ పక్కనున్న లౌడమ్ గ్రేంజ్‌కు బయల్దేరాడు. రైల్లో కాదు, కాలినడకన. సుమారు రెండు వందల కిలోమీటర్లు, రోజుల తరబడి. దారిలో గోడల్లేవు. చేరాక తాము ఉండబోయే బోర్స్టల్‌ను తామే కట్టుకున్నారు. 1935లో అదే లెవెలిన్ మరో బృందాన్ని స్టాఫర్డ్ నుంచి తూర్పు తీరానికి నడిపించి, సముద్రం పక్క బురద నేలను సాగుకు తెచ్చే శిబిరం పెట్టాడు. కుర్రాళ్ల పాదాలకు ఎన్ని బొబ్బలు లేచాయో అధికారి పాదాలకూ అన్నే లేచి ఉండాలి. ఆ నడక అందుకే నడకగా మిగిలింది, శిక్షగా మారలేదు.

తర్వాతి తరం వేరే దారి పట్టింది. 1979లో బ్రిటన్ హోం మంత్రి విలియం వైట్‌లా, కుర్ర నేరస్థులకు తక్కువ కాలంలో గట్టి దెబ్బ తగలాలన్నాడు. డిటెన్షన్ సెంటర్లలో పరుగులు తీయించే డ్రిల్లు, పరేడు, అరుపులు పెంచారు. 1984లో హోం శాఖ సొంత అధ్యయనమే తేల్చింది: అలా శిక్ష అనుభవించినవాళ్లు తిరిగి నేరం చేయడం ఏమీ తగ్గలేదు. డర్హమ్ కౌంటీలో 1961 నుంచి 1988 దాకా నడిచిన మెడమ్స్‌లీ సెంటర్ సంగతి ఇంకా ఘోరం. అక్కడ తమను హింసించారని 1,800 మందికి పైగా, అప్పటికి నడివయసు దాటిన మగవాళ్లు, పోలీసులకు చెప్పుకున్నారు. 2019లో శిక్ష పడ్డ ఐదుగురు మాజీ ఉద్యోగుల్లో వ్యాయామ శిక్షకుడూ ఒకడు.

అమెరికాలో 1980ల నుంచి సైనిక శిక్షణ తరహా బూట్ క్యాంపులు పుట్టుకొచ్చాయి. 2006 జనవరి 5న ఫ్లోరిడాలోని బే కౌంటీ క్యాంపులో ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడిని చేరిన రోజే పరిగెత్తమన్నారు. వాడు ఇక నా వల్ల కాదంటూ కూలబడ్డాడు. నటిస్తున్నాడనుకున్న కాపలావాళ్లు వాడిని కొట్టి, నోరు మూసి, ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టారు. మర్నాడు వాడు చనిపోయాడు. మరుసటి ఏడాది జ్యూరీ ఉద్యోగులను నిర్దోషులంది. అయితే అంతకుముందే, 2006లోనే, ఆ రాష్ట్రం బూట్ క్యాంపులను రద్దు చేసింది, ఆ చట్టానికి వాడి పేరే పెట్టుకుంది.

పరిగెత్తలేకపోతున్నానని పిల్లవాడు చెప్పినప్పుడు నమ్మే మనిషి పక్కన ఉండటం ఎంత పెద్ద సంగతో ఆ క్యాంపు చూపించింది. తాను కూడా అదే చుట్టు తిరిగి ఆయాసపడుతున్న ఉద్యోగికి ఎదుటివాడి ఆయాసం అబద్ధంగా కనిపించదు.

లెక్కలు, మార్పులు

2018 ఆగస్టులో రాయల్ హాలోవే విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రోజీ మీక్, బ్రిటన్ న్యాయ శాఖ కోరిక మీద, ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో ఆటలపై స్వతంత్ర నివేదిక ఇచ్చారు. పేరు ‘ఎ స్పోర్టింగ్ ఛాన్స్’. జిమ్ అంటే బరువులెత్తే గది కాదు, చదువుకూ ఉద్యోగానికీ ఆరోగ్యానికీ దారి అని ఆమె వాదన. పన్నెండు సిఫార్సుల్లో ఒక్కదాన్ని తప్ప ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ఒక్కటీ బాక్సింగ్, మార్షల్ ఆర్ట్స్‌ను అనుమతించమన్నది. కొట్టడం నేర్పితే కొడతారన్న భయం అధికారులది. సామాన్యులకూ ఆ భయం సహజమే. రింగులో నిలబడ్డవాడు మొదట నేర్చుకునేది కోపాన్ని ఆపుకోవడమని బాక్సింగ్ నేర్పేవాళ్లు చెబుతారు, ఈ కథనం వాళ్ల వైపే మొగ్గుతుంది.

అంతకుముందు మీక్ పోర్ట్‌లాండ్ యువ నేరస్థుల సంస్థలో ఫుట్‌బాల్, రగ్బీ శిక్షణ తీసుకున్న కుర్రాళ్లను గమనించారు. డోర్సెట్ తీరంలోని ఆ చోటు 1921లో బోర్స్టల్‌గా మారింది. శిక్షణ పొందినవాళ్లలో మళ్లీ నేరానికి దిగినవాళ్లు ఆ సంస్థ మామూలు లెక్క కంటే బాగా తక్కువ. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆటకు ముందుకొచ్చేవాడు ముందే మారాలనుకుంటున్నవాడు కావచ్చు. పైగా ఆ పథకంలో బంతి ఒక్కటే లేదు. విడుదల తర్వాత ఉండే ఇల్లు, పని, మాట్లాడే మనిషి, అన్నీ చూశారు. గోల్ కొట్టినంత మాత్రాన ఎవరూ మారరు. గోల్ కొట్టిన సాయంత్రం ఆఫీసరుతో మాట కలుస్తుంది, ఆ మాట పట్టుకుని మిగతాది అల్లుకోవాలి.

అదే ఆలోచనతో 2018లో ఆర్సెనల్ క్లబ్ మాజీ ఉపాధ్యక్షుడు డేవిడ్ డీన్ ‘ట్విన్నింగ్ ప్రాజెక్ట్’ పెట్టారు. ఒక్కో ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒక్కో జైలును జతచేసి, కోచ్‌గానో రిఫరీగానో పనికొచ్చే సర్టిఫికెట్ ఇప్పిస్తారు. 1956లో మొదలైన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు కూడా యువ నేరస్థుల సంస్థల్లో నడుస్తోంది. ఆటకు కొన్ని నెలలు, సేవకు కొన్ని నెలలు, చివర గుడారం వేసుకుని సాగే నడక. బయట బడిపిల్లలకిచ్చే అవార్డే, అవే షరతులు. జైలు పేరు లేని సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఉద్యోగం అడగడానికి వెళ్లేవాడి గుండెకు ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

పార్క్‌రన్‌లోనూ అంతే. లోపల వాడిన బార్‌కోడ్ బయట ఏ పార్కులోనైనా పనిచేస్తుంది. లోపలి పరుగుల లెక్కకు బయటి పరుగులు కలుస్తాయి. విడుదలైన మొదటి శనివారం ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. పాత స్నేహితులు కూడా అదే రోజు ఫోన్ చేస్తారు కాబట్టి ఆ జవాబు అవసరం.

మన గేటు దగ్గర

బోర్స్టల్ పద్ధతి మన దాకా వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1925 నాటి బోర్స్టల్ స్కూళ్ల చట్టం ఉండేది. ఇంగ్లండ్ 1982లో చట్టం చేసి ఆ పేరునే తీసేసింది, తెలంగాణలో నిజామాబాద్ బోర్స్టల్ స్కూలు మాత్రం ఆ పేరుతో కొనసాగింది. పద్దెనిమిది లోపువాళ్లకు మన దగ్గర దారి వేరు. 2015 నాటి బాల న్యాయ చట్టం వాళ్లను నేరస్థులు అనదు, చట్టంతో ఘర్షణ పడ్డ పిల్లలు అంటుంది. విచారణ జరిగినంత కాలం అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచుతారు. ఆ చట్టంలోని 53వ సెక్షన్ పునరావాస సేవల్లో ఆటలనూ చేర్చింది. 2016 నమూనా నిబంధనల్లో దినచర్యలో వ్యాయామం ఉంది, సిబ్బంది పట్టికలో పీటీ, యోగా నేర్పే ఒక మనిషికీ చోటుంది. 1990లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నియమాలైతే రోజూ ఆరుబయట వ్యాయామం నిర్బంధంలోని పిల్లవాడి హక్కు అన్నాయి.

కాబట్టి మనకు కాగితం కొరత లేదు. పిల్లల మధ్యకు వెళ్లి నేర్పే చేతులు కావాలి. ప్రతి జిల్లాలోనూ పీఈటీలున్నారు, ఖోఖో, కబడ్డీ ఆడి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లున్నారు, రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తే పోలీసులున్నారు. హోమ్ లోపల సూపరింటెండెంట్ నుంచి కాపలా ఉండే హౌస్ ఫాదర్ దాకా ఉన్న సిబ్బందిలోనూ ఒకప్పుడు ఆడినవాళ్లు తప్పకుండా ఉంటారు. కబడ్డీకి గీత గీయడానికి సున్నం చాలు. ఆటలో సూపరింటెండెంట్ కూతకు వెళ్తే పిల్లలు ఆయన్ని పట్టుకోవచ్చు. ఆ అరగంట వాళ్లకూ ఆయనకూ మధ్య ఉన్న బల్ల ఉండదు.

పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బెయిలు వస్తే పిల్లవాడు రేపే వెళ్లిపోవచ్చు, అందుకే మూడు నెలల కోర్సు కన్నా ఏ రోజుకా రోజు పూర్తయ్యే ఆట మేలు. పిల్లల్లో చాలామంది సరిగా తినక వచ్చినవాళ్లు, మత్తు మానుతున్నవాళ్లు, ఒంటి మీద పాత దెబ్బలున్నవాళ్లు. డాక్టరు చూసి సరేనన్న తర్వాతే పరిగెత్తించాలి, వద్దన్నవాడికి స్కోరు రాసే పని ఇవ్వాలి. తప్పు చేశాడని ఆట మాన్పించడం, తప్పు చేశాడని రౌండ్లు కొట్టించడం, రెండూ ఆటను శిక్ష ఖాతాలోకి తోస్తాయి. కేసు ఏమిటని అడగకూడదు. వస్తానన్న రోజు రాకుండా ఉండకూడదు, ఆ పిల్లలు అలాంటివి జీవితంలో చాలా చూశారు.

అనుమతి కోసం హోమ్ సూపరింటెండెంట్‌నూ, జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్నీ కలవాలి. ఇంకొకటి, ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఆ పిల్లల పేరు, ముఖం, ఊరు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మొదటి రోజు పదిమందీ కలిసి నవ్వుతూ నిలబడ్డ ఫొటో ఎంత బాగున్నా వాట్సాప్‌లో పెట్టడానికి వీల్లేదు.